బేగున్‌కోదర్: డ్యూటీకి మనిషి లేక మూతపడిన స్టేషన్ – ఒక కేస్ స్టడీ

పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా బేగున్‌కోదర్ పేరు చెప్పగానే టీవీ చూసేవాళ్లకి తెల్లచీర దయ్యం గుర్తొస్తుంది. రైళ్లు నడిపించే ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ వాళ్లకి గుర్తు రావలసింది మాత్రం డ్యూటీ రోస్టర్. కోట్‌శిలా, ఝాల్దా మధ్య 1960లో తెరిచిన ఈ చిన్న స్టేషన్ 1967లో మూతపడి, మళ్లీ 2009లో తెరుచుకుంది. మధ్యలో 42 ఏళ్లు రైళ్లు దాని ముందు నుంచే వెళ్లాయి, ఒక్కటీ ఆగలేదు. ఇప్పుడిది ఆగ్నేయ రైల్వే రాంచీ డివిజన్‌లో ఉంది.

అందరికీ తెలిసిన కథ చిన్నదే. రాత్రిపూట పట్టాల మీద తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కనిపించిందని స్టేషన్ మాస్టర్ చెప్పాడు. కొన్నాళ్లకి ఆయన చనిపోయాడు. ఆ చావుకి దయ్యమే కారణమని ఊరూ స్టాఫూ నమ్మారు. తర్వాత అక్కడికి పోస్టింగ్ వేస్తే ఎవరూ వచ్చి చేరలేదు. పార్లమెంటులో రైల్వే స్థాయీ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన బాసుదేవ్ ఆచార్య మాట వేరు: అడవిలాంటి చోట డ్యూటీ తప్పించుకోవడానికి ఉద్యోగులే ఈ కథ అల్లారన్నది ఆయన అభిప్రాయం. 2017 డిసెంబరులో పశ్చిమ బంగ విజ్ఞాన మంచ్ అనే సైన్స్ ప్రచార సంస్థ సభ్యులు రాత్రంతా అక్కడ కాపలా కాశారు. దయ్యం రాలేదు, వాళ్లని బెదరగొట్టాలని చూసిన స్థానికులు మాత్రం ఉన్నారు.

దయ్యం ఉందా లేదా అన్నది ఈ కేసుకి అక్కర్లేదు. ఒక మనిషి పోతే, ఆయన చోటికి ఇంకొకరు రాకపోతే, స్టేషన్ ఎందుకు నిలవదు? కాగితం మీద ఉత్తర్వు వచ్చేలోపే స్టేషన్ ఎలా మూతపడుతుంది? చూడవలసింది అదీ.

రోస్టర్ లెక్క

వారానికి 168 గంటలు. రైలు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి స్టేషన్ మాస్టర్ కుర్చీ 168 గంటలూ నిండి ఉండాలి. నేటి పని గంటల నియమాల ప్రకారం 'కంటిన్యువస్' రోస్టర్‌లో ఒక్కొక్కరు వారానికి 48 గంటలు చేస్తారు. 168ని 48తో భాగిస్తే మూడున్నర. అంటే 8 గంటల షిఫ్టులకి మొత్తం ముగ్గురు ఎస్సెంలు (స్టేషన్ మాస్టర్లు), వాళ్ల వారపు సెలవులు నింపడానికి రెండు స్టేషన్లకి కలిపి ఒక రెస్ట్ గివర్.

రైళ్లు తక్కువగా ఉండి, డ్యూటీలో సగానికి పైగా సమయం ఖాళీగా గడిచే చోట 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్' రోస్టర్ వేస్తారు. మన రోడ్‌సైడ్ స్టేషన్లలో 'ఈ.ఐ.' అనేది దీన్నే. 12 గంటల షిఫ్టు, వారానికి 72 గంటలు. 168ని 72తో భాగిస్తే 2.33. ఇద్దరు ఎస్సెంలు, మూడు స్టేషన్లకి కలిపి ఒక రెస్ట్ గివర్. 72 గంటలు చేయించాలంటే ఒక షరతు ఉంది: డ్యూటీ స్థలానికి అర కిలోమీటరు లోపల క్వార్టర్ ఇచ్చి ఉండాలి. చిన్న స్టేషన్లలో క్వార్టర్లు పట్టాల పక్కనే కనిపించడానికి ఒక కారణం ఇది. ఆ ఉద్యోగి డ్యూటీలో ఉన్నా, దిగినా ఆ చీకట్లోనే ఉంటాడు. బేగున్‌కోదర్ లాంటి చోట భయం కుటుంబం దాకా పాకడానికి దయ్యం అవసరం లేదు, ఈ అర కిలోమీటరు చాలు.

ఎస్సెంతో పాటు ప్రతి షిఫ్టుకీ, రైలును ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే పాయింట్లు చూసుకునే పాయింట్స్‌మ్యాన్ కనీసం ఒకరు కావాలి. రెండు చివర్లా పాయింట్లు చేత్తో వేసే యార్డయితే ఇద్దరు. కిరోసిన్ సిగ్నల్ దీపాల రోజుల్లో వాటికి నూనె పోసి, వత్తి కత్తిరించి, పొద్దుగుంకే లోపు స్తంభమెక్కి పెట్టి రావడానికి ఇంకో మనిషి ఉండేవాడు. రైలును స్టేషన్‌లోకి అనుమతించే హోమ్ సిగ్నల్ దాకా ఒంటరిగా చీకట్లో నడవాల్సిన ఉద్యోగం అది.

ఇక్కడ ఒకటి గమనించాలి. పెద్ద స్టేషన్లో పదిమంది ఎస్సెంలలో ఒకడు సిక్ పెడితే మిగతా వాళ్లు సర్దుతారు. ఇద్దరే ఉన్న చోట ఒకడు పోతే సగం రోస్టర్ పోయినట్టే. మిగిలిన వాడితో 24 గంటలు చేయించకూడదు. ఒకటి రెండు రోజులు లీవ్ రిజర్వ్ ఎస్సెంతో, అంటే సెలవు ఖాళీలు నింపడానికి ఉంచిన మనిషితో నెట్టుకొస్తారు. అతనూ సిక్ పెడితే, ఆర్డర్ పడ్డవాడు చేరకుండా మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ కోసం యూనియన్ ఆఫీసుకి తిరుగుతుంటే, రైళ్ల రాకపోకలు నడిపించే కంట్రోలర్ దగ్గర ఇంకో దారి ఉండదు.

ఎస్సెం లేని బ్లాక్ స్టేషన్ లైన్‌కి అడ్డం

బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుంది. మనుషులు లేకపోతే రైలు ఆగకుండా వెళ్లిపోతుంది కదా అనుకుంటారు. బ్లాక్ స్టేషన్ అంటే పక్క స్టేషన్‌తో మాట్లాడి రైలును లైన్ మీదికి అనుమతించేది; సింగిల్ లైన్ మీద అది అలా ఉండదు. పక్క స్టేషన్ ఎస్సెం లైన్ క్లియర్, అంటే రైలు పంపడానికి అనుమతి, అడగాలి, ఇక్కడి ఎస్సెం ఇవ్వాలి. నీల్స్ బాల్ టోకెన్ పరికరమున్న చోట ఇద్దరూ కలిసి పనిచేస్తేనే ఒక స్టేషన్లో ఇనుప బంతి బయటికొస్తుంది. దాన్ని తోలు సంచిలో పెట్టి, బెత్తం రింగుకి తగిలించి డ్రైవర్‌కి అందిస్తారు. ఆ బంతి అవతలి స్టేషన్ పరికరంలో పడేదాకా ఇంకో బంతి రాదు. ఇక్కడ కుర్చీ ఖాళీ అయితే రెండు వైపులా పరికరాలు బిగుసుకుపోతాయి. రైలు హోమ్ సిగ్నల్ దగ్గర ఆగి విజిల్ కొడుతుంది, ఎవరూ పలకకపోతే ఒక మనిషి స్టేషన్ దాకా నడిచి చూడాలి.

ఆ దశలో చేయగలిగినవి రెండే. పక్క స్టేషన్ల నుంచి మనిషిని తెచ్చి కూర్చోబెట్టడం, లేదా ఈ స్టేషన్‌ని బ్లాక్ పనిలోంచి తీసేసి, అటూ ఇటూ ఉన్న స్టేషన్లు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయడం. రెండోది తాత్కాలికంగా కాగితం లైన్ క్లియర్ మీద, అంటే టి/సి 1425, టి/డి 1425 ఫారాల మీద, ప్రైవేట్ నంబర్లు (మాట ఖాయమని ఒకరికొకరు చెప్పుకునే రహస్య నంబర్లు) మార్చుకుని నడపొచ్చు. నడపొచ్చు గానీ రోజుల తరబడి నడిపితే తప్పు జరుగుతుంది. ప్రతి రైలుకీ చేత్తో రాసే కాగితం, ప్రతి రైలూ ఆగి తీసుకోవడం, పాత ప్రైవేట్ నంబరు మళ్లీ రాసేయడం. అందుకే చివరికి పరికరాలు మార్చి, స్టేషన్‌ని శాశ్వతంగా పక్కకు పెట్టడమే సులభమనిపిస్తుంది.

దాని ఖరీదు లైన్ కెపాసిటీలో, అంటే రోజుకి ఎన్ని రైళ్లు నడపొచ్చన్న లెక్కలో కనిపిస్తుంది. లెక్కకి స్కాట్ ఫార్ములా వాడతాం: రోజులోని 1,440 నిమిషాల్లో 70 శాతం తీసుకుని, అతి పొడవైన బ్లాక్ సెక్షన్‌లో (రెండు బ్లాక్ స్టేషన్ల మధ్య లైన్) నెమ్మది రైలు నడిచే సమయానికి బ్లాక్ పని సమయం, అంటే లైన్ క్లియర్ ఇచ్చిపుచ్చుకునే సమయం కలిపి, ఆ మొత్తంతో భాగించాలి. ఉదాహరణకి మధ్య స్టేషన్ ఉన్నప్పుడు రెండు సెక్షన్లూ ఎనిమిదేసి కిలోమీటర్లు, గూడ్సు 40 కిలోమీటర్ల వేగంతో నడుస్తుందనుకుందాం. 12 నిమిషాల నడక, 5 నిమిషాల బ్లాక్ పని. 1,008ని 17తో భాగిస్తే రెండు దిక్కులా కలిపి 59 రైళ్లు. మధ్య స్టేషన్ తీసేస్తే 16 కిలోమీటర్లు, 24కి 5 కలిపితే 29. ఇప్పుడు 34 రైళ్లు. రోజుకి పది పదిహేను రైళ్లు నడిచే లైన్‌లో 59 అయినా 34 అయినా ఎవరికీ నొప్పి ఉండదు. చిన్న స్టేషన్ దశాబ్దాల పాటు మూసి ఉండగలగడానికి అసలు కారణం అక్కడుంది. దయ్యం హౌరా–ఖరగ్‌పూర్ మెయిన్ లైన్ మీద కనిపించి ఉంటే వారంలో బదిలీ స్టాఫ్ దిగేవారు.

సక్రమంగా మూయాలంటే

బ్లాక్ స్టేషన్‌ని తీసేయడం బోర్డు దించడంతో అయ్యే పని కాదు. సిగ్నలింగ్ మార్పుకి రైల్వే సేఫ్టీ కమిషనర్ అనుమతి తీసుకుని, తేదీ ఖరారు చేసి, ఆ రోజుకి ముందే వర్కింగ్ టైమ్ టేబుల్ సవరణ అటూ ఇటూ స్టేషన్లకీ, లోకో షెడ్లకీ, గార్డుల లాబీలకీ చేరాలి. మూసే రోజు మొదట సిగ్నళ్లని పనిలోంచి తప్పిస్తారు. వెంటనే స్తంభాలు పీకలేరు కాబట్టి ప్రతి సిగ్నల్ మీదా అడ్డంగా రెండు పట్టీల గుణకారం గుర్తు బిగించాలి. ఒక్కో పట్టీ మీటరుకి తగ్గని పొడవు, 10 సెంటీమీటర్లకి తగ్గని వెడల్పు. వాడుకలో లేని సిగ్నల్‌కి రాత్రి దీపం వెలిగించకూడదు. ఈ పట్టీ వదులుగా కట్టి గాలికి పడిపోయిన చోట, కొత్తగా వచ్చిన డ్రైవర్ సిగ్నల్ ఉందనుకుని బ్రేకు వేస్తాడు. అదొక్కటి సరిచూసినా చాలా ఫిర్యాదులు తగ్గుతాయి.

తర్వాత పాయింట్లు. లూప్ లైన్ (మెయిన్ లైన్ పక్కన రైలు నిలిపే లైన్) పట్టాలు వెంటనే ఎత్తరు, ఆ పని ఇంజనీరింగ్ బ్లాక్, అంటే పని కోసం రైళ్లు ఆపే సమయం, దొరికినప్పుడే. ఈలోగా రెండు చివర్లా పాయింట్లని మెయిన్ లైన్‌కి సెట్ చేసి, క్లాంప్ బిగించి, తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రాతలో ఉంచాలి. తాళంచెవి పాత ఎస్సెం జేబులో వెళ్లిపోయిన సందర్భాలు రైల్వేలో కొత్త కాదు. పట్టాలు తనిఖీ చేసే కీమాన్ రోజూ ఆ క్లాంప్ చూడాలి. పాయింటు నాలుక పట్టా వదులైతే ఎదురు దిక్కున వచ్చే రైలు పట్టాలు తప్పుతుంది.

ఎక్కువగా మరిచిపోయేది లెవెల్ క్రాసింగ్ గేటు. స్టేషన్ హద్దుల్లో ఉన్న గేటు స్టేషన్ సిగ్నళ్లతో ఇంటర్‌లాక్ అయి ఉంటుంది: గేటు వేస్తే తప్ప సిగ్నల్ దిగదు. సిగ్నళ్లు తీసేస్తే ఆ రక్షణ పోతుంది. గేటుకి సొంత గేట్ సిగ్నళ్లైనా పెట్టాలి, లేకపోతే గేట్‌మ్యాన్ ఫోను పక్క స్టేషన్ ఎస్సెంకి కలిపి, ప్రతి రైలుకీ ప్రైవేట్ నంబరు మార్చుకునేలా చేయాలి. ఫోను కలపడం సిగ్నల్ అండ్ టెలికాం వాళ్ల పని, గేట్‌మ్యాన్ ఇంజనీరింగ్ వాళ్ల మనిషి, నియమం రాసేది ఆపరేటింగ్. మూడు డిపార్ట్‌మెంట్లు కలిసే చోటే పని నిలిచిపోతుంది.

చివరికి స్టేషన్ వర్కింగ్ రూల్స్ రద్దు చేయాలి. అటూ ఇటూ స్టేషన్ల రూల్స్‌లో బ్లాక్ సెక్షన్ పేరు, దూరం మార్చి, అక్కడి ప్రతి ఎస్సెం, పాయింట్స్‌మ్యాన్ చేత రూల్స్ చదివి అర్థం చేసుకున్నామని అష్యూరెన్స్ రిజిస్టర్‌లో మళ్లీ సంతకం తీసుకోవాలి. సంతకం లేని మనిషి డ్యూటీ చేస్తే యాక్సిడెంట్ ఎంక్వయిరీలో మొదట అడిగేది అదే. మొదటి కొద్ది రోజులు డ్రైవర్‌కి జాగ్రత్తలు తెలిపే టి/409 కాషన్ ఆర్డర్‌లో మార్పు రాసి ఇవ్వడం కూడా మంచిది.

చివరి ఉద్యోగి అప్పగించవలసినవి

సిగ్నళ్ల లెక్క తప్పితే రైలు ఆగుతుంది. టికెట్ల లెక్క తప్పితే మనిషి గ్రాట్యుటీ ఆగుతుంది. అందుకే కమర్షియల్ వైపు అప్పగింతలో తొందర పనికిరాదు.

అట్టముక్క టికెట్ల కాలంలో ప్రతి స్టేషన్లో ఒక టికెట్ బీరువా ఉండేది. గమ్యస్థానం, తరగతి బట్టి వేర్వేరు గొట్టాలు, ఒక్కోదాంట్లో వరుస నంబర్లు. మూసే రోజు ప్రతి గొట్టంలో తర్వాత అమ్మవలసిన టికెట్ నంబరు ముగింపు నంబరుగా రాయాలి. నిన్నటి ముగింపుకీ నేటి ముగింపుకీ తేడా ఎంతో అన్ని టికెట్లు అమ్ముడైనట్టు. ఆ డబ్బు డైలీ ట్రెయిన్స్ క్యాష్ పుస్తకంలోకి, అక్కడి నుంచి క్యాష్ రెమిటెన్స్ నోట్‌తో పాటు సీలు వేసిన తోలు సంచిలోకి, సంచి రైల్లో వెళ్లే క్యాష్ సేఫ్‌లోకి. గార్డు సంతకం ఉన్న కౌంటర్‌ఫాయిల్ తన దగ్గర ఉంచుకోకుండా సంచి పంపడం చిన్న స్టేషన్లో జరిగే పెద్ద తప్పు. సంచి దారిలో తగ్గితే బాధ్యత పంపినవాడి మీద పడుతుంది.

తర్వాత వాడని స్టాక్. మిగిలిన అట్టముక్కలు, బ్లాంక్ పేపర్ టికెట్లు, ఎక్సెస్ ఫేర్ పుస్తకాలు: వీటన్నిటికీ నగదు విలువ ఉన్నట్టే లెక్క. ఒక్క ఖాళీ పుస్తకం పోయినా దాంట్లో ఎంత రాసి వసూలు చేసి ఉంటారో తెలియదు కాబట్టి పెద్ద మొత్తమే డెబిట్ (ఉద్యోగి పేరున బాకీ) వేస్తారు. ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ అకౌంట్స్ వచ్చి నంబర్లు పోల్చి, తిరిగి పంపే జాబితా మీద సంతకం పెట్టాక గానీ స్టాక్ కదలకూడదు. డేటింగ్ మెషీన్ ఉంటుంది, తేదీ అచ్చు గుద్దే ఇనుప యంత్రం. దాన్ని స్టేషన్లో వదిలేస్తే పాత టికెట్‌కి కొత్త తేదీ గుద్దే దారి దొరుకుతుంది. అదే మొదట తీసుకెళ్లాలి.

ఆపరేటింగ్ వైపు ట్రెయిన్ రిజిస్టర్, స్టేషన్ డైరీ, ప్రైవేట్ నంబర్ల షీట్లు, కాషన్ ఆర్డర్ రిజిస్టర్, వాడని లైన్ క్లియర్ ఫారాలు సీలు వేసి డివిజన్‌కి పంపాలి. టోకెన్ బంతులు లెక్కపెట్టి సిగ్నల్ మెయింటెయినర్‌కి ఇవ్వాలి. ఒక్క బంతి తగ్గినా, పరికరం విప్పి వేరే సెక్షన్‌లో వాడేదాకా ఆ లోటు వెంటాడుతుంది.

స్టేషన్ బ్యాలెన్స్ షీట్‌లో డెబిట్, క్రెడిట్ సరిపోయాక రిలీవ్ అవడం పద్ధతి. బాకీ డెబిట్లు ఉండగానే స్పేర్ మెమో (రిలీవ్ చేసే కాగితం) చేతికొచ్చిన ఉద్యోగికి తర్వాత కష్టం: కొన్నేళ్లకి కాగితం వెతుక్కుంటూ వచ్చి, రిటైరయ్యేటప్పుడు గ్రాట్యుటీలో కోత పడుతుంది. అప్పటికి ఆ స్టేషన్ ఉండదు, రికార్డు ఎవరి దగ్గరుందో చెప్పేవాడూ ఉండడు. బదిలీ అయ్యాక క్వార్టర్ రెండు నెలలు మామూలు అద్దె మీద ఉంచుకోవచ్చు. ఆపైన పిల్లల చదువు, జబ్బు లాంటి కారణం చూపి అనుమతి తీసుకోవాలి.

ఈ జాబితాలో ఒక్క పనీ మనిషి లేకుండా జరగదు. ఉన్నట్టుండి మనిషి పోయి, అప్పగించుకోవడానికి ఎవరూ రాని స్టేషన్లో తాళం పగలగొట్టి, ఇద్దరు ఇన్‌స్పెక్టర్ల ముందు పంచనామా చేసి లెక్క కట్టాలి.

2009లో తెరిచిందేమిటి

మూసిన తర్వాత చుట్టుపక్కల పల్లెల వాళ్లకి ఝాల్దానో కోట్‌శిలానో దిక్కైంది. 1990ల చివర్లో కమిటీగా ఏర్పడి అడగడం మొదలుపెట్టారు. 2009లో రైల్వే మంత్రి మమతా బెనర్జీ హయాంలో తెరిచారు. తెరిచింది హాల్ట్.

హాల్ట్‌కీ బ్లాక్ స్టేషన్‌కీ మధ్య తేడా ఇంతకుముందు చెప్పిన లెక్కలన్నిటినీ కొట్టేస్తుంది. హాల్ట్‌లో సిగ్నల్ ఉండదు, లూప్ ఉండదు, లైన్ క్లియర్‌తో పనిలేదు. రైలు సెక్షన్ మధ్యలో ఒక నిమిషం ఆగి కదులుతుంది. కావలసినవి ప్లాట్‌ఫారం, చిన్న గది, పేరు బోర్డు, టైమ్ టేబుల్‌లో ఆగే గుర్తు. 168 గంటల కుర్చీ లేదు. టికెట్లు అమ్మేది కమీషన్ ఏజెంట్. పక్క స్టేషన్లో డబ్బు కట్టి టికెట్లు ముందే కొనుక్కుని, అమ్మిన దాని మీద శాతం తీసుకుంటాడు. బేగున్‌కోదర్‌లోనూ ప్రైవేటు మనిషే, రైల్వే స్టాఫ్ లేరు.  

కాబట్టి 1967లో ఖాళీ అయిన పోస్టు 2009లో నిండలేదు. చీకటి పడ్డాక ఉద్యోగిని కూర్చోబెట్టే సమస్యను పరిష్కరించలేదు, పోస్టునే తీసేసి దాటవేశారు. ఆపరేటింగ్ దృష్టిలో ఇది తెలివైన పనే. పల్లె దృష్టిలో సగం స్టేషన్.

ఏజెంట్ పద్ధతికి తన బలహీనత ఉంది. రైల్వే లెక్కలో అతి చిన్న హాల్ట్ వర్గం హెచ్‌జీ-3: ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయం, లక్ష లోపు ప్రయాణికులు. రోజుకి 50 టికెట్లు, ఒక్కోటి పది రూపాయలనుకుంటే నెలకి 15,000 అమ్మకం. దాని మీద పది శాతమే దక్కితే 1,500. ఆ డబ్బుకి రోజూ వచ్చి కూర్చునేవాడు ఊళ్లో కిరాణా కొట్టు ఉన్నవాడో, పొలం పట్టాల పక్కనే ఉన్నవాడో అయి ఉండాలి. అతను మానేస్తే టెండరు పిలుస్తారు, ఎవరూ వేయకపోతే టికెట్లు అమ్మడం ఆగుతుంది. టికెట్లు అమ్మకపోతే ప్రయాణికులు లేనట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఆ కాగితం పట్టుకునే తర్వాత హాల్ట్ ఎత్తేయాలన్న ప్రతిపాదన వస్తుంది. జనం ఎక్కుతూనే ఉన్నారని చూపించాలంటే గార్డు, టీటీఈల చేత రెండు వారాలు ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ తలలు లెక్కపెట్టించి, ఆ లెక్కను ఫైలుకి జతచేయడమొక్కటే పని చేస్తుంది.

2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి ప్యాసింజర్ రైళ్లన్నీ ఆగాక దేశమంతటా, మన తెలుగు రాష్ట్రాల్లోనూ, ఇదే వేరే రూపంలో జరిగింది. ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా తిరిగొచ్చాయి, కనీస ఛార్జీ పది నుంచి ముప్ఫైకి వెళ్లింది, చాలా హాల్టుల్లో ఆగడం మానేశాయి. 2024లో పది రూపాయల ఛార్జీ తిరిగొచ్చినా ఆగే గుర్తు అన్ని చోట్లా తిరిగి రాలేదు. మూసివేత ఉత్తర్వు లేకుండానే మూతపడిన చోట్లలో ఏజెంటు తెచ్చుకున్న టికెట్ల కట్ట అలాగే మిగిలిపోయింది. వాటిని పక్క స్టేషన్లో తిరిగిచ్చి డబ్బు రాబట్టుకోవాలంటే, కొన్న రశీదుతో పాటు మొదటి, చివరి నంబర్ల జాబితా రాసి ఇవ్వాలి. రశీదు పోగొట్టుకున్నవాడికి ఆ కట్ట అట్టముక్కలే.